పదిహేను రోజుల పరీక్ష

నాగవ్వ అడిగిన మాట వాకిట్లో ఇంకా అలాగే ఉంది.

"గీ పాలు ఎవలియి?"

పోయిన వారం చదవనివారికి సంగతి ఇది. సిరిసిల్ల నర్సింగం తన ఒక్కగానొక్క కూతురు సరితను కోరుట్లలో నాగవ్వ కొడుకు సాగర్‌కు ఇచ్చి మూడేళ్ళయింది. సాగర్ దుబాయి వెళ్ళి పద్నాలుగు నెలలు. సరిత మనసు జబ్బుకు గోలీలు వేసుకుంటోంది. నెలసరి రాక ఐదు నెలలు. రెండు వారాల క్రితం ఆమె రవిక తడిసింది. కడుపు లేదు, పిల్ల లేదు, పాలు వచ్చాయి. నాగవ్వ ఒక రవికను ఉతకనివ్వకుండా దాచింది. ఈ పొద్దు దాన్ని వాకిట్లో దండెం మీద వేసి, కులపెద్ద ఎల్లేశాన్ని, ఇంకో ఇద్దరు మగవాళ్ళను పిలిపించింది. కబురు అందుకున్న నర్సింగం మొదటి బస్సుకు వచ్చాడు.

 నర్సింగం దండెం దగ్గరికి నడిచి రవిక తీశాడు. అట్టగట్టిన రెండు మరకలు లోపలికి పోయేలా మడిచాడు. గడపలో కూర్చున్న కూతురి పక్కన పెట్టాడు.

"ఇగ అడుగుండ్రి" అన్నాడు.

మరమగ్గాల మోతలో బతికిన గొంతు అది. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. సాంచెల దగ్గర పనిచేసినవాడికి మెల్లగా మాట్లాడటం రాదు. పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి.

సరిత తల ఎత్తలేదు. ఒళ్ళో చాట. చాటలో తునికాకు, తంబాకు. వేళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నాయి. కొంచెం అవతల గోడకు ఆనుకుని ఇంద్రమ్మ కూర్చుంది. ఆమె నర్సింగం చెల్లెలు. కోరుట్లలోనే కాపురం. ఈ సంబంధం కుదిర్చింది ఆమే. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

"అడిగేదేమున్నదన్నా?" అంది నాగవ్వ. "నా కొడుకు దుబాయిల ఉండె. కోడలికి ఈడ పాలు రావట్టె. వాడకట్టుకు నేనేం జెప్పుకోవాలె?"

"ఉన్నదే జెప్పు చెల్లె. గోలీలతోని అచ్చినయని జెప్పు."

"గోలీలతోని జ్వరం పోతది. పాలు అస్తయా ఎక్కడన్న?"

ఎల్లేశం పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు. "అట్లయితె మా బర్రెకు గూడ గవే ఏస్త. పూటకు రెండు లీటర్లు ఎక్కువిస్తది."

నర్సింగం వాడి వైపు తిరిగాడు.

"నీకు గూడ అస్తయి. మొగోళ్ళకు గూడ అస్తయని డాక్టరమ్మ చెప్పింది. ఏసుకొని చూస్తవా?"

వాడు నవ్వు ఆపాడు. చెయ్యి తెలియకుండానే చొక్కా గుండీ మీదికి పోయింది. గోడ మీది తలల్లో ఒకటి ఫక్కుమంది.

నర్సింగం సంచిలోంచి పరీక్షల కాగితాలు తీసి ఎల్లేశం చేతిలో పెట్టాడు. ఎల్లేశం కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఇంగిలీషుల ఉన్నది."

"పైన నెగటివ్ అని ఉన్నది సూడు. నెగటివ్ అంటె లేదని. గంత ఇంగిలీషు కరోనాల అందరం నేర్చుకుంటిమి గదా."

"ఉన్నది. నెగటివే ఉన్నది." ఎల్లేశం తల ఊపాడు. అతనికి కోపం రాదు. కోపం రాకుండా మాట్లాడగలడు కాబట్టే ముప్పై ఏళ్ళుగా పెద్దమనిషిగా ఉన్నాడు. "కడుపు ఇప్పుడు లేదని ఉన్నది నర్సింగం. మొన్న ఉండెనా, తీయించిండ్రా, అది గిండ్ల లేదు గదా."

 సరిత చేతిలో ఆకు చిరిగింది. పడేసి ఇంకొకటి అందుకుంది.

"రెండో కాయితం సూడు" అన్నాడు నర్సింగం. గొంతు ఇంకా పెరిగింది. "ప్రొలాక్టిన్ అని ఉన్నది. అది బాలింతల ఒంట్ల ఉండే సరుకు. మామూలు ఆడిదానికి ఇరవై ఐదు లోపల ఉండాలె. నా బిడ్డకు నూట పద్దెనిమిది ఉన్నది. చెవులల్ల మాటలు వినవడకుండ చేసే గోలీనే అది పెంచింది. అది పెరిగితె నెల ఆగుతది, పాలు అస్తయి. తీయించింది లేదు, పెట్టింది లేదు."

ఈ మాటలు అతనివి కావు. పోయిన మంగళవారం జగిత్యాలలో డాక్టర్ ఉజ్మా చెప్పినవి. ఆమె మానసిక రోగాల డాక్టరు. ఆ రోజు సరిత నిద్ర గురించి, ఆకలి గురించి మాట్లాడి లేవబోయింది. డాక్టరమ్మ నర్సింగాన్ని కాసేపు బయట కూర్చోమంది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. "నెల సక్రమంగా వస్తోందా? పాలు ఏమైనా వస్తున్నాయా?" అని ఆమె అడగడం, కూతురు బోరున ఏడవడం అతనికి వినిపించాయి. పాలు వచ్చినందుకు కాదు ఆ ఏడుపు. ఒకరు మామూలుగా, దగ్గు ఉందా అని అడిగినట్టు అడిగినందుకు.

తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆరు నెలల క్రితం మోతాదు పెంచినప్పుడే ఇది చెప్పి ఉండాల్సిందనీ, చెప్పకపోవడం తన పొరపాటనీ ఒప్పుకుంది. పరీక్షలు రాసింది. ఈ గోలీ ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గిస్తూ ఇంకో గోలీ మొదలుపెడతాను, దానితో ఈ బాధ తగ్గుతుంది అంది. రిపోర్టులు తీసుకుని ఈ రోజు నాలుగు గంటలకు రమ్మంది. ఇప్పుడు ఒంటిగంట దాటింది.

"నాలుగింటికి జగిత్యాలల ఉండాలె" అన్నాడు నర్సింగం. "గోలీ మారుస్తరు. పాలు ఆగుతయి. గింతే కథ. లే బిడ్డా."

"ఆగన్నా" అంది నాగవ్వ. "మరి గుట్ట మీద సంగతేంది?"

ఆ మాట కోసమే నర్సింగం బస్సులో దారంతా ఎదురుచూశాడు.

ఈ వైపు ఊళ్ళలో మనసు చెదిరినవాళ్ళను అంజన్న గుట్ట మీదికి తీసుకుపోతారు. నాలుగు నెలల క్రితం నాగవ్వ కోడలి కోసం నలభై ఒక్క రోజులు మొక్కుకుంది. అక్కడే వండుకుని తినడం, పొద్దునా మాపునా తడిబట్టలతో గుడి చుట్టూ తిరగడం. మధ్యలో నెల వస్తే కిందికి దిగి మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలని నాగవ్వ పెట్టుకున్న నియమం. ఒక్క విడతలో పూర్తికాదని ఆమెకు తెలుసు. సిద్ధపడే వెళ్ళింది.

నెల రాలేదు. నలభై ఒక్క రోజులూ రాలేదు.

నాగవ్వ గుట్ట దిగి వచ్చి కోరుట్లంతా చెప్పింది. దీక్ష చెడకుండా స్వామే నా కోడలి నెల ఆపిండు అని. పదకొండు మంది ఆడవాళ్ళకు భోజనం పెట్టింది. పక్క వాడకట్టు వాళ్ళు పిల్లలను తెచ్చి, నీ చెయ్యి నెత్తిన పెట్టు బిడ్డా అని సరితను అడిగారు. ఇద్దరు ముసలివాళ్ళు కాళ్ళు మొక్కబోతే సరిత లోపలికి పారిపోయింది.

"అవును, గుట్ట మీద సంగతేంది?" అన్నాడు నర్సింగం. "నువ్వే జెప్పు చెల్లె. గప్పుడు నెల రాకుంటె మహిమ అంటివి. ఇప్పుడు రాకుంటె రంకు అంటున్నవ్. రెండుసార్లు రానిది గా నెలనే గదా?"

"గప్పుడు నాకేమెరుక? ఆడ సత్రంల మంది ఉంటరు. ఎవలు ఎవలో..."

"రాత్రి నా బిడ్డ ఏడ పండింది?"

నాగవ్వ గోడ మీది తలల వైపు చూసింది.

"ఏడ పండిందే చెల్లె? నలభై ఒక్క రాత్రులు."

"నా పక్కల్నే" అంది నాగవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వినవడలే వీళ్ళకు."

"నా పక్కల్నే పండింది! నా చెయ్యి దాని మీద ఏసి పండిన. లేసి పోతదేమోనని."

"అట్లయితె సాక్ష్యం నువ్వే. ఇగ వేరేటోళ్ళను పిలిచుడెందుకు?"

ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. నాగవ్వ నేల మీద చతికిలబడింది. నర్సింగం గెలిచానని అనుకున్నాడు. అప్పుడే సరిత మొదటిసారి నోరు తెరిచింది.

"గుట్ట మీద నేను గోలీలు ఏసుకున్న అత్తమ్మా."

నాగవ్వ తల ఎత్తింది.

"నువ్వు ఆడ గోలీలు ఒద్దన్నవ్. స్వామి మీద నమ్మకం లేనట్టు అయితదన్నవ్. నేను కుంకుమ డబ్బీల పెట్టుకొని తీస్కపోయిన. రోజు మాపటికి నువ్వు కొబ్బరి ముక్కలు పంచెటప్పుడు మింగిన. నలభై ఒక్కటి మింగిన. నెల ఆపింది గా గోలీలే."

ఎల్లేశం కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. "స్వామి దగ్గెర అబద్ధమాడినవా బిడ్డా?"

"స్వామి నన్ను అడుగలే పెద్దబాపూ. మొక్కిన, గోలీ ఏసుకున్న. ఏది పనిచేసిందో ఆయనకెరుక. నాకైతె రెండు గావాలె."

"నన్ను ఎడ్డిదాన్ని జేసినవ్!" నాగవ్వ గొంతు చీలింది. ఈసారి అందులో ఆరోపణ లేదు. దెబ్బ తిన్న మనిషి గొంతు అది. "చన్నీళ్ళ తానం జేసిన్నే నీ కోసం. ఒక్కపూట తిన్న. మోకాళ్ళు ఇరిగినయి. మంది ముంగట మహిమ మహిమ అని ఎగిరిన. నువ్వు కుంకుమ డబ్బీల గోలీలు పెట్టుకొని నవ్వుకున్నవా?"

"నవ్వుకోలే అత్తమ్మా. మొక్కు చెల్లింది, నీ మనసు నిమ్మలంగ ఉన్నది, నాకు నిద్ర పడుతున్నది. ఇంక చెప్పి ఎవల్ని ఏడిపియ్యాలె అనుకున్న."

గోడ మీద తలలు ఇప్పుడు ఐదయ్యాయి. ఎవరూ నవ్వలేదు. మహిమను నమ్మి తమ పిల్లల నెత్తిన ఆమె చెయ్యి పెట్టించుకున్నవాళ్ళు అందులో ఉన్నారు.

ఎల్లేశం చెయ్యెత్తాడు.

"కోపాలెందుకు? నేను నడిమిట్ల మాట ఒకటి చెప్త. నచ్చితె ఇనుండ్రి." నాగవ్వ వైపు ఒకసారి, నర్సింగం వైపు ఒకసారి చూశాడు. "పాలు గోలీలతోని అచ్చినయని పిల్ల తండ్రి అంటున్నడు. కాయితం గూడ గట్లనే అంటున్నదట. సరే. అట్లయితె పదిహేను రోజులు గోలీలు బంద్ పెట్టుండ్రి. పాలు ఆగినయనుకో, తప్పు గోలీది. పిల్ల కడిగిన ముత్యం. నేనే వాడకట్టంత తిరిగి చెప్త. ఆగలేదనుకో, అప్పుడు కూసోని మాట్లాడుదాం. ఎవ్వలికి అన్యాలం లేదు."

ఇద్దరు మగవాళ్ళూ తల ఊపారు. నాగవ్వ కళ్ళు తుడుచుకుని తల ఊపింది. గోడ మీది ఆడవాళ్ళలో ఒకామె, మంచిగ చెప్పిండు అంది.

 నర్సింగం ఆ మాటలో తప్పు ఎక్కడుందో వెతికాడు. ఎక్కడా కనిపించలేదు. పదిహేను రోజులు. కాగితాల అవసరం లేదు, ఇంగ్లీషు అవసరం లేదు. అందరి కళ్ళ ముందూ తేలిపోతుంది. అతను కూతురి వైపు తిరిగాడు. ఆమె ఒప్పుకుంటే బాగుండునని ఒక క్షణం అతనికి అనిపించింది. అది అతని ముఖంలో కనిపించింది.

సరితకు కూడా కనిపించింది.

"చెయ్య" అంది.

"ఏందే?" అంది నాగవ్వ.

"బంద్ చెయ్య. ఒక్క రోజు గూడ చెయ్య."

"పెద్దమనిషి అంత నాయంగ చెప్తె..."

"నాయమా?" సరిత చాట ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. "పోయినేడాది నేనే తెలివి తక్కువై గోలీలు బంద్ చేసిన. మంచిగున్న గదా ఇంకెందుకనుకున్న. ఎన్ని రోజులకు పట్టాల మీదికి పోయిన అత్తమ్మా? చెప్పు. నువ్వే ఏడ్చుకుంట ఉరికొచ్చినవ్ గదా టేషన్ దాకా."

నాగవ్వ పెదవులు కదిలాయి. "తొమ్మిది."

"తొమ్మిది రోజులకు. పట్టాల మీద కూసోని నవ్వుకుంట ఉన్న. బండి రాలే కాబట్టి బతికిన. ఇప్పుడు పదిహేనంటున్నరు. పదో రోజు నేనుంటనో ఉండనో ఎవ్వలన్న రాసిస్తరా? ఉన్నా గూడ, అందరికి పాలు జల్ది ఆగయట. కొందరికి నెలలు పడుతయని డాక్టరమ్మ చెప్పింది. పదహారో రోజు చుక్క పాలుంటె నేను రంకుదాన్ని. పాలు ఆగితె నేను పత్తిత్తుని. గని అప్పటికి నేను పిచ్చిదాన్ని. పిచ్చిదానికి మీరిచ్చే పరువు నేనేం జేసుకోవాలె?"

ఎల్లేశం ముఖంలో మార్పు లేదు. "పెనిమిటి మాట గూడ ఇను బిడ్డా. ఆయన సొమ్మువు నువ్వు" అన్నాడు మెత్తగా.

నాగవ్వ ఆ మాట కోసమే ఉన్నట్టు జాకెట్లోంచి ఫోన్ తీసింది. సాగర్ పొద్దున పంపిన వాట్సాప్ మాట. ఎల్లేశం చెప్పబోయే తీర్పు అతనికి ముందే తెలుసన్నమాట. నాగవ్వ బొటనవేలు రెండుసార్లు తప్పి మూడోసారి సరైన చోట పడింది. సాగర్ గొంతు వాకిట్లోకి వచ్చింది. వెనక లారీల హారన్లు.

"సరితా, నీ మీద నాకు అనుమానం లేదు. నిజంగ లేదు. గని అమ్మ రోజు ఏడుస్తున్నది. ఈడ మనూరోళ్ళు గూడ అడుగుతున్నరు. పదిహేను రోజులే గదా సరితా. పెద్దోళ్ళు చెప్పినట్టు చెయ్యి. ఆగితె నేను దసరాకు అస్త. సరేనా?"

మాట అయిపోయింది. ఫోన్ తెర మీద వెలుగు ఆరింది.

"అనుమానం లేదట" అంది సరిత. "లేనోనికి పరీక్ష ఎందుకో."

అప్పుడు గోడ దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. ఎవరికీ చెప్పినట్టు లేదు. నేలకు చెప్పినట్టుంది.

"గిట్లనే అన్నడు."

అందరూ ఇంద్రమ్మ వైపు తిరిగారు.

"ఎవలే?" అంది నాగవ్వ.

"మా అన్న. మస్కట్ నుంచి. గప్పుడు గూడ పదిహేను రోజులే."

"ఇంద్రా" అన్నాడు నర్సింగం. ఆ గొంతు ఈసారి సాంచెల గొంతు కాదు. "ఇంటికి పో."

"పోత. చెప్పి పోత. పద్దెనిమిదేండ్లు మూసిన నోరు. ఇగ నాతోని గాదన్నా."

సరిత వేళ్ళు ఆగాయి. పొద్దుటి నుంచి మొదటిసారి ఆగాయి. ఆమె తల్లి గీత చనిపోయినప్పుడు సరితకు తొమ్మిదేళ్ళు. విషజ్వరం అని చెప్పారు. తండ్రి అదే చెప్పాడు, నాయనమ్మ అదే చెప్పింది. ఇంట్లో తల్లి ఫోటో లేదు. ఎందుకు లేదని అడిగితే, ఫోటోలు దిగే అలవాటు లేదనేవాడు నర్సింగం.

"మీ అమ్మకు గూడ గీ బీమారే బిడ్డా" అంది ఇంద్రమ్మ. "నేనప్పుడు మొదటి కానుపుకు సిరిసిల్లకు అచ్చి ఉన్న. కరీంనగర్ డాక్టరు గోలీలు రాసిచ్చిండు. వదినె మంచిగైంది. పాటలు పాడుకుంట నూలు కండెలు చుట్టేది. ఆరు నెలలకు రవిక తడిసింది. నువ్వు పాలు మరిచి ఆరేండ్లాయె. అన్న మస్కట్‌ల ఉండె. మా అవ్వ తల కొట్టుకున్నది. ఫోన్ జేసి అన్ననడిగింది. అన్న చెప్పిండు. గోలీలు గుంజుకొని నేనే దాచిపెట్టిన. బియ్యం కుండల దాచిపెట్టిన."

"ఆగినయా?"

అడిగింది ఎల్లేశం. అడగకుండా ఉండలేకపోయాడు.

ఇంద్రమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఆగినయి. పన్నెండో నాడు ఆగినయి. వదినె నా దగ్గెరికి ఉరికచ్చింది. రవిక పొడిగ ఉన్నది సూడు ఇంద్రా, ఇగ గోలీ ఇయ్యి, నాకు మళ్ళ మాటలు వినవడుతున్నయి అన్నది. నేను ఇద్దామనుకున్న. మా అవ్వ ఇయ్యనియ్యలే. వాడు పదిహేనన్నడు, పదిహేను కానియ్యి అన్నది. పద్నాలుగో నాడు పొద్దున ఇంట్ల లేదు. మానేరు వాగుల దొరికింది."

 గోడ మీది తలలు ఒక్కొక్కటీ కిందికి దిగాయి.

నర్సింగం దండెం కర్ర పట్టుకున్నాడు.

"పన్నెండో నాడు ఆగినయా?"

"ఆగినయన్నా."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వడుగలే." ఇంద్రమ్మ ఏడవడం లేదు. "దినాలకు అచ్చినవ్. పదొద్దులున్నవ్. బాకీ ఉన్నోని లెక్క తలకాయ దించుకొని తిరిగినవ్. మళ్ళ ఇమానం ఎక్కినవ్. ఒక్కపారన్న అడుగలే. అడిగితె చెప్పేదాన్ని."

నిజమే. అతను అడగలేదు. మానేరులో పడటమే జవాబు అనుకున్నాడు. తప్పు చేయకపోతే ఎందుకు పడుతుంది అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు చచ్చిపోయిన మనిషి మీద పగ పెట్టుకుని బతికాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోనందుకు ఊరంతా మెచ్చుకుంటే, ఆడదాన్ని నమ్మలేక అని లోపల అనుకున్నాడు. పోయిన మంగళవారం జగిత్యాలలో, ఓరగా తెరిచి ఉన్న తలుపు అవతల, పాలు ఏమైనా వస్తున్నాయా అన్న మాట వినగానే అతనికి చెమట పట్టింది. గీతకు కూడా గోలీలతోనే పాలు వచ్చాయని ఆ రోజే తెలిసింది. ఆ రోజు కూడా చెల్లెలి ఇంటికి వెళ్ళి అడగలేదు. కూతురి తరఫున పోట్లాడితే ఆ లెక్క చెల్లిపోతుందనుకున్నాడు.

సరిత చాట పక్కన పెట్టింది. లేచి నిలబడింది. చీర మీద పడిన తంబాకు పొడి దులుపుకుంది.

"బాపూ."

నర్సింగం దండెం కర్ర వదల్లేదు.

"ఫోన్ల ఏమన్నవ్?"

"యాది లేదు బిడ్డా. ఎన్నడిదో..."

"యాది ఉన్నది. ఏమన్నవ్?"

"బంద్ పెట్టుమన్న."

"ఇంకేమన్నవ్?"

నర్సింగం ఎల్లేశం వైపు చూశాడు. ఇంద్రమ్మ వైపు చూశాడు. కూతురి వైపు చూడలేకపోయాడు.

"పాలు ఆగితేనే ఇంటికి అస్త అన్న."

 సరిత ఎల్లేశం కుర్చీ పక్కనున్న కాగితాలు వంగి తీసుకుంది. మడత విప్పి సరిచేసి సంచిలో పెట్టుకుంది. లోపలికి వెళ్ళి గోలీల డబ్బా తెచ్చుకుని అదీ సంచిలో వేసుకుంది.

"నేనస్త బిడ్డా" అన్నాడు నర్సింగం. "రెండున్నర బస్సు దొరుకుతది. నడువు."

"ఒద్దు."

"ఒక్కదానివెట్ల పోతవ్?"

"ఆధార్ కార్డున్నది. బస్సుల ఆడోళ్ళను టికెట్ గూడ అడుగరు." చెప్పులు తొడుక్కుంది. "ఇంతసేపు నువ్వు నా దిక్కు ఉన్నవనుకున్న బాపూ. పెద్దబాపు పదిహేను రోజులు అన్నప్పుడు నీ మొకం చూసిన. నువ్వు గూడ అటు దిక్కే కూసో."

"సరితా..."

"అమ్మకు ఎవలు లేకుండిరి. నాకు నేనున్న."

నాగవ్వ లేచి గేటుకు అడ్డం నిలబడింది. "గడప దాటినవనుకో, మళ్ళ ఈ ఇంటికి రాకు."

"అస్త అత్తమ్మా. ఏడు గంటలకు అస్త. కొత్త గోలీ తెచ్చుకొని అస్త. నా చాట ఈడ ఉన్నది, నా బట్టలు ఈడ ఉన్నయి. నేను ఎవలింటికి పోతలేను. దవాఖానకు పోతున్న. రాకముందు గా రవిక ఎవలన్న దండెం మీద ఏసిండ్రనుకో, బజార్ల నిలవడి పాలు ఎందుకు అస్తయో మైకు పెట్టి చెప్త. సిగ్గు నాకు లేదు. మీకుంటె దాచుకోండ్రి."

నాగవ్వ చెయ్యి గేటు మీదే ఉంది. సరిత ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది. ఒక్క క్షణం. నాగవ్వ వేళ్ళు వాటంతట అవే జారాయి. గేటు తెరుచుకుంది. సరిత వెనక్కి చూడలేదు. సందు మలుపులో పచ్చ చీర కొంగు ఒకసారి కనిపించి మాయమైంది.

ఇంద్రమ్మ లేచి, అన్న ముఖం చూడకుండా, ఇంకో వైపు నడిచి వెళ్ళిపోయింది.

నర్సింగం వాకిలి మధ్యలో నిలబడ్డాడు. పరిగెత్తితే కూతురిని అందుకోవచ్చు. మలుపు దాకా నూరు అడుగులు కూడా లేవు. అతను పరిగెత్తలేదు.

"పోనియ్యి నర్సింగం" అన్నాడు ఎల్లేశం. ఆ గొంతులో ఇప్పుడు చనువు ఉంది. పొద్దుటి నుంచి లేని చనువు. "పిల్ల కోపంల ఉన్నది. ఒక పది నిమిషాలాగితె బస్టాండుల దొరుకుతది. గప్పటికి మనం ఒక మాట అనుకుందాం. నువ్వు గూడ చూసిన మనిషివే. పదిహేను రోజులంటె ఏందో నీకు తెల్వనిది గాదు." నాగవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, ఇంకో కుర్చీ తెప్పియ్యి."

కుర్చీ వచ్చింది. ఎల్లేశం భుజం మీది తువ్వాలతో దాన్ని తుడిచి, తన పక్కకు జరుపుకున్నాడు.

"రా నర్సింగం, కూసో. నువ్వు మనోనివే."